మీకు తెలుసా? సంకేతం మన ఒప్పందం, ఫార్ములా త్రాసు చెప్పిన మాట

విటమిన్ బీ12 మాత్రలో కోబాల్ట్ అనే లోహం ఉంటుంది. ఒక్కో అణువులో ఒక్క పరమాణువే. కానీ ఆ ఒక్కటీ లేకపోతే అది బీ12 కానే కాదు. మాత్రల్లో ఎక్కువగా వాడే సయనోకోబాలమిన్‌కి ఫార్ములా రాస్తే సీ₆₃హెచ్₈₈ అని మొదలై, నడుమ కోబాల్ట్ సంకేతం వచ్చి, ఎన్₁₄ఓ₁₄పీతో ముగుస్తుంది. కోబాల్ట్ సంకేతంలో సీ పెద్ద అక్షరం, ఓ చిన్న అక్షరం. ఆ చిన్న ఓని పెద్దగా రాశారనుకోండి, లోహం మాయమై దాని చోట ఒక కార్బన్, ఒక ఆక్సిజన్ వచ్చి చేరతాయి. ఆ రెండూ కలిసి విడిగా ఉంటే కార్బన్ మోనాక్సైడ్. చలికాలంలో తలుపులు బిగించుకుని గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్ల ప్రాణం తీసే వాయువు అదే. నెత్తుటిలోని హిమోగ్లోబిన్‌ని అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఇక ప్రాణవాయువుకు అక్కడ చోటుండదు.

చిన్న ఓ ఉన్నంతవరకు అది ఒక్క మూలకానికి గుర్తు. దాన్నే సంకేతం అంటాం. ఓ పెద్దదైతే రెండు సంకేతాలు పక్కపక్కన నిలబడినట్టు. అది ఒక సమ్మేళనంలో ఏ మూలకాలు ఏ పాళ్లలో ఉన్నాయో చెబుతుంది కాబట్టి ఫార్ములా. ఫార్ములా చదివేటప్పుడు ప్రతి పెద్ద అక్షరం దగ్గరా కొత్త సంకేతం మొదలైందని గుర్తు పెట్టుకుంటే చాలు, సగం తికమక అక్కడే పోతుంది.

పాఠ్యపుస్తకాలు ఈ తేడాని రెండు వాక్యాల్లో చెప్పి ముందుకు వెళ్లిపోతాయి. మూలకానికి సంకేతం, సమ్మేళనానికి ఫార్ములా. మాట నిజమే. కానీ దీనికంటే లోతైన తేడా ఒకటుంది, పిల్లలకు ముందుగా చెప్పవలసింది అదేనని నా నమ్మకం. సంకేతం మనుషులు కూర్చుని ఒప్పుకున్నది. కావాలంటే రేపు ఇంకోటి పెట్టుకోవచ్చు. ఫార్ములా విషయంలో మన ఇష్టం చెల్లదు. తూచాలి, కొలవాలి, లెక్క కుదరకపోతే మళ్లీ తూచాలి.

డాల్టన్ గుండ్రాలు, బెర్జీలియస్ అక్షరాలు

1808లో ఇంగ్లండ్‌లో జాన్ డాల్టన్ తన పరమాణు సిద్ధాంతాన్ని పుస్తకంగా అచ్చు వేసినప్పుడు మూలకాలకు గుండ్రాలు గీశాడు. ఖాళీ గుండ్రం ఆక్సిజన్, మధ్యలో చుక్క పెడితే హైడ్రోజన్, నిలువు గీత గీస్తే నైట్రోజన్, మొత్తం నల్లగా నింపితే కార్బన్. రాగి, వెండి, సీసం లాంటి లోహాలకు గుండ్రంలో ఇంగ్లిష్ పేరు మొదటి అక్షరం రాశాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. కానీ అచ్చాఫీసులో అక్షరాలు పేర్చేవాడి దగ్గర ఆ గుండ్రాలు ఎక్కడుంటాయి? చేతిరాతలోనూ చేయి నొప్పే.

ఐదారేళ్లు తిరగకుండానే, 1813–14లో, స్వీడన్‌లో యాన్స్ యాకబ్ బెర్జీలియస్ అక్షరాలు చాలన్నాడు. లాటిన్ పేరులోని మొదటి అక్షరం తీసుకోవాలి. అదే అక్షరంతో మొదలయ్యే మూలకం ఇంకోటి ఉంటే మరో అక్షరం జత చేయాలి. లాటిన్ ఎందుకంటే ఐరోపాలో చదువుకున్నవాళ్లందరికీ అప్పట్లో ఉమ్మడి భాష అదే. ఏ ఒక్క దేశం పేరో పెడితే పక్క దేశంవాడు ఒప్పుకోడు. సోడియంకి ఎన్ఏ అని, ఇనుముకి ఎఫ్ఈ అని, బంగారానికి ఏయూ అని రాయడానికి కారణం ఇదే. వాటి లాటిన్ పేర్లు నాట్రియం, ఫెర్రం, ఆరం.

ఇప్పుడున్న 118 మూలకాల్లో ఇంగ్లిష్ పేరుతో సంకేతం కలవనివి పదకొండే: సోడియం, పొటాషియం, ఇనుము, రాగి, వెండి, తగరం, ఆంటిమొని, టంగ్‌స్టన్, బంగారం, పాదరసం, సీసం. టంగ్‌స్టన్‌కి వాడే డబ్ల్యూ ఒక్కటీ వోల్‌ఫ్రామ్ అన్న జర్మన్ పేరు నుంచి వచ్చింది, మిగతా పదీ లాటిన్ నుంచి. తొమ్మిదో తరగతి పిల్లలు సంకేతాలంటే బెదిరిపోతారు గానీ, విడిగా గుర్తుపెట్టుకోవలసినవి ఈ పదకొండే. మిగిలిన 107 సంకేతాల్లో అక్షరాలన్నీ మూలకం పేరులోనే దొరుకుతాయి.

బెర్జీలియస్ అక్షరం పేరుకి పొట్టి రూపం మాత్రమే అయివుంటే దానికి ఇంత విలువ వచ్చేది కాదు. ఓ అని రాస్తే ఆక్సిజన్ అనే పేరుతో పాటు ఒక ఆక్సిజన్ పరమాణువు, దాని బరువు కూడా అందులో ఇమిడి ఉన్నట్టే. నేటి లెక్కలో ఆ బరువు 16. అందుకే ఆ అక్షరాలతో కూడికలు, హెచ్చవేతలు చేయవచ్చు. డాల్టన్‌కి మాత్రం ఈ పద్ధతి చివరిదాకా మింగుడు పడలేదు. తన గుండ్రాలే మేలని నమ్మాడు.

సంకేతం మార్చడానికి తీర్మానం చాలు

ఆర్గాన్ వాయువుకు 1957 దాకా ఒక్క ఏ అక్షరమే సంకేతం. పాత పుస్తకాల్లో, పాత ఆవర్తన పట్టికల్లో అలాగే కనిపిస్తుంది. ఆ ఏడాది అంతర్జాతీయ రసాయన శాస్త్ర సంఘం దాన్ని ఏఆర్‌గా మార్చింది. ఆర్గాన్‌లో ఏ మార్పూ రాలేదు, గాలిలో దాని పాలు సుమారు 1 శాతం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

ఇంకా దగ్గరి కథ 112వ మూలకానిది. జర్మనీలోని డార్మ్‌స్టాట్ ప్రయోగశాలలో 1996లో దాన్ని తయారు చేశారు. 2009లో కోపర్నికస్ పేరు మీద కోపర్నిషియం అని పేరు పెట్టి సీపీ అనే సంకేతం అడిగారు. అయితే లుటీషియం అనే మూలకాన్ని జర్మన్లు ఒకప్పుడు కాసియోపియం అని పిలిచి సీపీ అనే రాసేవారు. పాత పత్రాలు చదివేవాళ్లు తికమకపడతారని ఆ సంకేతాన్ని పక్కన పెట్టి సీఎన్ ఇచ్చారు. 2010 ఫిబ్రవరి 19న, కోపర్నికస్ పుట్టినరోజు నాడు, ఆ పేరు ఖాయమైంది. ఎప్పుడో వదిలేసిన సంకేతం సైతం కొత్తదానికి అడ్డు తగలగలదన్న మాట.

పట్టిక మొత్తం వెతికినా జే అక్షరం దొరకదు. అయోడిన్‌కి జర్మన్ పుస్తకాల్లో జే అని రాసే అలవాటు చాలాకాలం ఉండేది, అదీ పోయింది.

నీటి ఫార్ములా తేలడానికి యాభై ఏళ్లు

ఇప్పుడు ఫార్ములా సంగతి. హెచ్₂ఓ అనేది బడి ముఖం చూడనివాళ్లకూ తెలిసిన మాటైపోయింది. నీటికి ఆ ఫార్ములా ఒక్కరోజులో రాలేదు. డాల్టన్ లెక్కలో నీళ్లంటే ఒక హైడ్రోజన్, ఒక ఆక్సిజన్, అంతే. రెండు మూలకాలు కలిసి ఒకే సమ్మేళనం ఏర్పడుతున్నట్టు కనిపిస్తే ఒకటికి ఒకటి చొప్పున కలిశాయని అనుకోవడం ఆయన నియమం. కారణం లేని నియమమేమీ కాదు. త్రాసు చెప్పేది బరువులే. నీటిలో 1 గ్రాము హైడ్రోజన్‌కి 8 గ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. ఫార్ములా హెచ్‌ఓ అనుకుంటే ఆక్సిజన్ పరమాణువు బరువు 8, హెచ్₂ఓ అనుకుంటే 16. బరువులు ఒక్కటే చూస్తే రెండు లెక్కలూ కుదురుతాయి.

ముడి విప్పింది వాయువుల కొలత. ఫ్రాన్స్‌లో గే-లుసాక్ 1808లో చూపించాడు: రెండు పాత్రల హైడ్రోజన్, ఒక పాత్ర ఆక్సిజన్ కలిస్తే రెండు పాత్రల నీటి ఆవిరి వస్తుంది. ఒకే పరిమాణంలో ఉన్న వాయువుల్లో అణువుల సంఖ్య ఒకటేనని, హైడ్రోజన్, ఆక్సిజన్ రెండూ జంటలుగా తిరిగే అణువులని 1811లో ఇటలీలో అవగాడ్రో అన్నాడు. అప్పుడు లెక్క చక్కగా హెచ్₂ఓ దగ్గరికే వస్తుంది. బెర్జీలియస్ కూడా నీటికి రెండు హైడ్రోజన్‌లే వేశాడు. అయినా ఒకే మూలకపు పరమాణువులు రెండు జట్టు కట్టడం ఏమిటని చాలామంది అవగాడ్రో మాట పట్టించుకోలేదు. 1850లలో సైతం నీటిని హెచ్‌ఓ అని రాసే రసాయన శాస్త్రవేత్తలు ఎందరో ఉన్నారు.

ఆ గందరగోళం ఎంతదాకా వెళ్లిందంటే, 1861లో కెకులే అనే రసాయన శాస్త్రవేత్త తన పాఠ్యపుస్తకంలో వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లానికి అప్పటికి చెలామణిలో ఉన్న పందొమ్మిది ఫార్ములాలు వరసగా చూపించాడు. సంకేతాల మీద అప్పటికే అందరికీ ఒప్పందం ఉంది. సీ అంటే కార్బన్, హెచ్ అంటే హైడ్రోజన్, ఓ అంటే ఆక్సిజన్ అనడంలో పేచీ లేదు. ఎన్నెన్ని అన్న దగ్గరే ఎవరి లెక్క వారిది. 1860 సెప్టెంబరులో జర్మనీలోని కార్ల్స్‌రూహ్‌లో రసాయన శాస్త్రవేత్తలు సమావేశమైనప్పుడు వాళ్లలో ఒకడైన కానిజారో అవగాడ్రో వాదాన్ని మళ్లీ ముందుకు తెచ్చాడు. ఆ సమావేశంలోనూ ఓటు వేసి ఫార్ములాలు నిర్ణయించలేదు, అలా నిర్ణయించడం కుదరని పని కూడా. ఆయన లెక్కలు ఇళ్లకు పట్టుకెళ్లి, తీరిగ్గా సరిచూసుకుని, ఒక్కొక్కరే ఒప్పుకున్నారు. ఆ సభలో కూర్చున్నవాళ్లలో మెండెలీవ్ ఉన్నాడు. పరమాణు భారాలు సరిగ్గా తేలాకే ఆయన ఆవర్తన పట్టిక సాధ్యమైంది.

హెచ్‌ఓ నిష్పత్తి నిజంగా ఉన్న పదార్థం వేరే ఉంది, హైడ్రోజన్ పెరాక్సైడ్. దాన్ని తెనార్ అనే రసాయన శాస్త్రవేత్త 1818లో కనుక్కున్నాడు. ఫార్ములా హెచ్₂ఓ₂. పుండ్లు కడగడానికి మందుల షాపులో నీళ్లలో కలిపి అమ్మేది అదే.

అంకె ఎక్కడ కూర్చుందో చూడాలి

సంకేతానికి అంకెతో పనిలేదు. ఫార్ములాకి అంకే ప్రాణం. బెర్జీలియస్ మొదట్లో ఆ అంకెను అక్షరం భుజం మీద, గణితంలో ఘాతాంకం రాసినట్టు, పైన పెట్టేవాడు. దాన్ని కిందికి దించినవాడు జర్మనీకి చెందిన లీబిగ్, 1834లో. కిందికి దించి రాసిన అంకె దాని ముందున్న సంకేతానికి మాత్రమే వర్తిస్తుంది, బ్రాకెట్ తర్వాత ఉంటే బ్రాకెట్‌లో ఉన్నవాటన్నిటికీ వర్తిస్తుంది. ఫార్ములా మొదట్లో పెద్దగా రాసే అంకె మొత్తం అణువుకే లెక్క. 2హెచ్₂ఓ అంటే రెండు నీటి అణువులు, తాగవచ్చు. హెచ్₂ఓ₂ అంటే పెరాక్సైడ్, నోట్లో పోసుకోకూడదు. ఆక్సిజన్‌తోనే చూడండి. ఓ₂ మనం పీల్చేది. ఓ₃ ఓజోన్, ఆకాశంలో ఎత్తున ఉన్నప్పుడు సూర్యుడి అతినీలలోహిత కిరణాల నుంచి కాపాడుతుంది, నేల దగ్గర మాత్రం ఊపిరితిత్తులకు చేటు.

యూరియా కట్ట మీద 46

ఫార్ములా ఎందుకు నేర్చుకోవాలని పిల్లలు అడిగితే యూరియా కట్ట దగ్గరికి తీసుకెళ్లమంటాను. కట్ట మీద నత్రజని 46 శాతం అని ఉంటుంది. ఆ 46 ఎవరో నిర్ణయించిన ప్రమాణం కాదు, ఫార్ములాలో నుంచి దానంతట అదే వస్తుంది. యూరియా ఫార్ములా సీఓ(ఎన్‌హెచ్₂)₂. ఇందులో సీ పెద్దదే, ఓ పెద్దదే, అంటే ఒక కార్బన్, ఒక ఆక్సిజన్. బ్రాకెట్ బయట 2 ఉంది కాబట్టి లోపలివి రెట్టింపు: నత్రజని రెండు, హైడ్రోజన్ నాలుగు. కార్బన్ 12, ఆక్సిజన్ 16, రెండు నత్రజనులు 28, నాలుగు హైడ్రోజన్‌లు 4. మొత్తం 60. అరవైలో 28 పాళ్లు నత్రజని, అంటే నూటికి 46.67. కాస్త తేమ, కాస్త మలినం పోను కట్ట మీద 46 అని వేస్తారు.

మన దేశంలో యూరియా కట్ట 2018 నుంచి 45 కిలోలది. అందులో 46 శాతం అంటే 20 కిలోల 700 గ్రాముల నత్రజని. ఎకరానికి నలభై కిలోల నత్రజని వేయమని వ్యవసాయాధికారి చెప్పినప్పుడు అది రెండు కట్టలకు దగ్గరవుతుందని కాగితం మీద వేసి చూసుకోవచ్చు. ఎరువు వేసేముందు ఈ లెక్క చేతిలో ఉన్న రైతును దుకాణంలో ఎవరూ ఏమార్చలేరు.

బస్తాలో లేని ఫార్ములా బస్తా మీద ఉంటుంది

డీఏపీ బస్తా మీద 18-46-0 ఉంటుంది. మొదటి అంకె నత్రజని, రెండోది భాస్వరం, మూడోది పొటాష్ అని అందరికీ తెలుసు. ఎన్‌పీకే అని సంకేతాలతోనే పిలుస్తాం. కానీ ఆ మూడింటిలో సంకేతం ప్రకారం లెక్క కట్టింది ఒక్క నత్రజనినే. రెండో అంకె పీ శాతం కాదు, పీ₂ఓ₅ శాతం. మూడో అంకె కే శాతం కాదు, కే₂ఓ శాతం. నోటితో సంకేతం పలుకుతున్నాం, బస్తా మీద ఫార్ములా లెక్క చదువుతున్నాం.

తేడా కొంచెమేమీ కాదు. పీ₂ఓ₅లో రెండు భాస్వరాల బరువు 62, ఐదు ఆక్సిజన్‌ల బరువు 80, మొత్తం 142. అంటే అందులో అసలు భాస్వరం 44 శాతానికి కాస్త లోపు. 50 కిలోల డీఏపీ బస్తాలో 46 శాతం చొప్పున పీ₂ఓ₅ 23 కిలోలు, అందులో మూలకంగా భాస్వరం సుమారు 10 కిలోలు. ఎర్ర పొటాష్‌దీ అదే కథ. దాని మీద 60 అని ఉంటుంది, అది కే₂ఓ లెక్క. 50 కిలోల బస్తాలో 30 కిలోలు కే₂ఓ, మూలకంగా పొటాషియం 25 కిలోలకు కొంచెం తక్కువ.

ఇంతా చేస్తే ఆ బస్తాల్లో పీ₂ఓ₅ గానీ, కే₂ఓ గానీ గింజంత కూడా ఉండదు. పీ₂ఓ₅ నీటి చెమ్మ తగిలితే చాలు చురచురలాడుతూ ఫాస్ఫారిక్ ఆమ్లమైపోతుంది. ప్రయోగశాలల్లో తేమ పీల్చడానికి వాడే పొడి అది. దాన్ని సంచిలో పోసి ఊళ్లకు పంపడం కలలో మాట. డీఏపీలో ఉండేది అమ్మోనియం ఫాస్ఫేట్, ఎర్ర పొటాష్‌లో ఉండేది పొటాషియం క్లోరైడ్. మరి లేని పదార్థం పేరుతో లెక్క ఎందుకు? పందొమ్మిదో శతాబ్దంలో మొక్కల్ని కాల్చి, బూడిదని విశ్లేషించి, అందులో ఉన్నవాటిని ఆక్సైడ్‌ల రూపంలో రాసుకునే అలవాటు ఉండేది. ఎరువుల వ్యాపారం ఆ లెక్క మీదే పెరిగింది, ఇప్పటికీ అలాగే నడుస్తోంది. ఇంకో ముచ్చట, పీ₂ఓ₅ అన్న ఫార్ములా నిష్పత్తి మాత్రమే చెబుతుంది. ఆ పదార్థపు అసలు అణువు పీ₄ఓ₁₀.

ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లలో ఈ అలవాటు వదిలేసి మూలకం లెక్కే వేస్తారు. అదే డీఏపీ అక్కడ 18-20-0 అవుతుంది. అక్కడ పొలాలున్న మనవాళ్లు, ఇక్కడి చుట్టాలతో ఎరువుల సంగతి మాట్లాడుకునేటప్పుడు ఇది తెలియకపోతే ఇక్కడి ఎరువు అక్కడిదానికి రెట్టింపు బలమైనదనుకునే ప్రమాదం ఉంది.

మన దుకాణాల్లో బాగా అమ్ముడుపోయే 20-20-0-13లో నాలుగో అంకె గంధకం. అది మళ్లీ నేరుగా ఎస్ అన్న సంకేతం లెక్కే. ఒకే బస్తా మీద, ఒకే వరసలో, మొదటి అంకె సంకేతానిది, రెండోది ఫార్ములాది, నాలుగోది సంకేతానిది. ఇది ఎక్కడైనా చిన్న అక్షరాల్లోనైనా తెలుగులో అచ్చు వేస్తే రైతుకు ఎంత మేలు! భూసార పరీక్ష ఫలితాల్లో భాస్వరం కొన్నిచోట్ల పీగా, కొన్నిచోట్ల పీ₂ఓ₅గా రాస్తారు. ఏదో చూసుకోకుండా లెక్క వేస్తే ఎరువు సగమైనా పడుతుంది, రెట్టింపైనా పడుతుంది. పీని 2.29తో హెచ్చవేస్తే పీ₂ఓ₅ వస్తుంది, ఈ ఒక్క అంకె జేబులో ఉంటే చాలు.

భాస్వరం మాట వచ్చింది కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. రక్తంలో, కండరంలో భాస్వరం ఎంతుందో నీలిరంగు ముదురును బట్టి కొలిచే పద్ధతిని 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి అందించినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ కొలతే ఆధారంగా కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ని, ఆ తర్వాత 1929లో ఏటీపీని వాళ్లిద్దరూ వెలికి తీశారు. ఏటీపీ ఫార్ములా సీ₁₀హెచ్₁₆ఎన్₅ఓ₁₃పీ₃. చివర ఉన్న ఆ మూడు భాస్వరాల దగ్గరే మన కదలికలన్నిటికీ కావలసిన శక్తి నిలవ ఉంటుంది.

ఒకే ఫార్ములా, రెండు పదార్థాలు

ఫార్ములా తెలిస్తే పదార్థం తెలిసిపోయినట్టేనా? ఈ ప్రశ్నకు జవాబు కూడా యూరియాలోనే దొరుకుతుంది. 1828లో జర్మన్ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ వోలర్ అమ్మోనియం సయనేట్ ద్రావణాన్ని ఆవిరి చేస్తే మూత్రంలో దొరికే యూరియా స్ఫటికాలు వచ్చాయి. మూత్రపిండాల సాయం లేకుండా యూరియా తయారైందని ఆయన ఉత్సాహంగా తన గురువుకు ఉత్తరం రాశాడు. ఆ గురువు ఎవరో కాదు, బెర్జీలియసే. అమ్మోనియం సయనేట్‌లో ఉన్నవి ఒక కార్బన్, ఒక ఆక్సిజన్, రెండు నత్రజనులు, నాలుగు హైడ్రోజన్‌లు. యూరియాలోనూ సరిగ్గా అవే. లెక్క మారలేదు, అమరిక మారింది.

అంతకుముందే ఇలాంటి పేచీ వోలర్‌కీ లీబిగ్‌కీ మధ్య నడిచింది. వోలర్ చేసిన సిల్వర్ సయనేట్ బుద్ధిగా పడి ఉండే పదార్థం. లీబిగ్ పరిశీలించిన సిల్వర్ ఫల్మినేట్ ముట్టుకుంటే పేలుతుంది. నేలకేసి కొడితే టప్‌మని పేలే చిన్న కాగితపు పొట్లాల్లో లేశమాత్రం వేసేది అదే. విశ్లేషణలో రెండింటి ఫార్ములా ఒకటే వచ్చేసరికి ఎదుటివాడి లెక్క తప్పని మొదట అనుకున్నారు. తీరా చూస్తే ఇద్దరి లెక్కా ఒప్పే. 1830 ప్రాంతంలో బెర్జీలియస్ ఇలాంటి జంటలకు ఐసోమర్లు అని పేరు పెట్టాడు. అక్కడి నుంచే ఎన్ని పరమాణువులున్నాయన్నది చాలదు, ఏది దేనితో చేయి కలిపిందో కూడా చూపించాలన్న అవసరం వచ్చింది. యూరియా ఫార్ములాని సీహెచ్₄ఎన్₂ఓ అని కుప్పగా రాయకుండా సీఓ(ఎన్‌హెచ్₂)₂ అని విడమరిచి రాసేది ఇందుకే.

మైలతుత్తంలో చుక్క, ఉప్పులో లేని అణువు

నీలంగా మెరిసే మైలతుత్తం ఫార్ములాలో మధ్యన ఒక చుక్క ఉంటుంది: రాగి సల్ఫేట్, చుక్క, 5హెచ్₂ఓ. స్ఫటికంలో ప్రతి రాగి పరమాణువుకీ ఐదు నీటి అణువులు అమరి ఉన్నాయని దాని అర్థం. చేతికి పొడిగా తగిలే కిలో మైలతుత్తంలో 360 గ్రాములు నీళ్లే, రాగి పావుకిలో చిల్లర. మూకుడులో వేసి బాగా వేడి చేస్తే నీళ్లన్నీ పోయి తెల్లటి పొడి మిగులుతుంది. దాని మీద నాలుగు చుక్కలు చల్లితే మళ్లీ నీలం.

వంటింటి ఉప్పుకి సోడియం ఒకటి, క్లోరిన్ ఒకటి అని రాస్తాం గానీ, ఆ పేరుతో విడిగా ఒక అణువు ఉప్పు కల్లులో ఎక్కడా ఉండదు. ప్రతి సోడియం చుట్టూ ఆరు క్లోరైడ్‌లు, ప్రతి క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియంలు, కల్లు అంచుదాకా అదే వరస. ఫార్ములా అక్కడ పాళ్లు మాత్రమే చెబుతుంది.

మళ్లీ మైలతుత్తం దగ్గరికి. నిమ్మ, బత్తాయి తోటల రైతులు కిలో మైలతుత్తం, కిలో సున్నం విడివిడిగా నీళ్లలో కరిగించి, కలిపి, వంద లీటర్లు చేస్తారు. అది ఒక శాతం బోర్డో మిశ్రమం. ఫ్రాన్స్‌లో ద్రాక్ష తోటల తెగులుకు మిల్లార్డే 1885లో ప్రచారంలోకి తెచ్చిన మందు ఇది. కలిపేది ప్లాస్టిక్ డ్రమ్ములోనో, మట్టి తొట్టిలోనో. ఇనుప డ్రమ్ము పనికిరాదు. మిశ్రమం సరిగ్గా కుదిరిందో లేదో చూడ్డానికి శుభ్రంగా తోమిన ఇనుప కత్తిని అందులో ముంచి తీస్తారు. కత్తి మీద ఎర్రటి పూత పడితే రాగి ఇంకా మిగిలి ఉందని, సున్నం నీళ్లు ఇంకాస్త పోయాలని అర్థం.

ఆ పూత పడేటప్పుడు జరిగేదాన్ని సమీకరణంగా రాస్తే ఎడమవైపు ఎఫ్ఈ ఒంటరిగా, రాగి సల్ఫేట్ ఫార్ములాతో ఉంటాయి. కుడివైపు ఇనుము సల్ఫేట్ ఫార్ములాతో, రాగి ఒంటరిగా సీయూ అన్న సంకేతంతో ఉంటాయి. లోహాలకు విడిగా అణువులుండవు, పరమాణువులే బారులు తీరి ఉంటాయి కాబట్టి వాటికి సంకేతమే ఫార్ములా. ఆర్గాన్, హీలియం లాంటి జట్టు కట్టని వాయువులకూ అంతే. అందుకే సమీకరణంలో ఆక్సిజన్ విడిగా వస్తే ఓ₂ అని, హైడ్రోజన్ వస్తే హెచ్₂ అని రాయాలి గానీ, ఇనుముకీ రాగికీ ఏ అంకే వేయకూడదు. పరీక్షల్లో పిల్లలు ఎక్కువగా మార్కులు పోగొట్టుకునేవి ఇలాంటి చోట్లే. ఒంటరిగా కనిపించిన ప్రతి సంకేతం దగ్గరా ఆగి, ఇది లోహమా, జంటగా తిరిగే వాయువా అని ఒక్కసారి చూసుకుంటే ఆ మార్కులు నిలబడతాయి.